ముందు ఎంత వేశావురా?

పాలకొల్లు

చిరంజీవికి,

నీ కథ అందింది. రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల చప్పుడు ఆగిపోగానే తండ్రికి మెలకువ రావడం బాగుంది. మిగతాదాని మీద నాకు కోపమే వచ్చింది.

మీ భీమవరం కుర్రాడు గోవా వెళ్లాడు. మండోవి మీద పడవ కేసినోలో పోకర్ టోర్నమెంటుకి కూర్చున్నాడు. వాడి చేతిలో రెండు ఆసులు, ఎదుటివాడి దగ్గర ఏడు, రెండు. చివరి ముక్కగా ఇంకో రెండు పడింది, మీవాడు ఓడి లేచి వచ్చేశాడు. ‘విధి ఆడిన ఆట’ అని ముగించావు. ఆ చివరి ముక్కని రివర్ అంటారు కదాని గోదావరి వరదని కూడా లాక్కొచ్చావు. ఆ పోలిక ముందు కొట్టెయ్.

విధి సంగతికొద్దాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టి తీరాల్సిన పందేలు, 100, 200 అని నువ్వే రాశావు. మీవాడు ఆసులు దాచుకుని అందర్నీ లోపలికి లాగుదామని 200 మాత్రమే వేశాడు. వెనక ఇద్దరు వేశారు. స్మాల్ బ్లైండ్ వాడు ఇంకో 100 కలిపాడు. బిగ్ బ్లైండ్ వాడిది ఎలాగూ 200 కట్టేసి ఉంది, ఇంకేం వెయ్యకుండా చెక్ అన్నాడు. వాడు ఏడు-రెండుతో ఆడడానికి రాలేదు నాయనా, మీవాడే ఊరికే కూర్చోబెట్టాడు. అదే 600కి పెంచి ఉంటే ఆ ముక్కలు అప్పుడే పారేసేవాడు. రెండు ఆసులు ఒక్కడి మీద నూటికి 85 సార్లు గెలుస్తాయి. ఎదుట నలుగురు ఉంటే ఆ 85 కాస్తా 56కి దిగుతుంది.

తర్వాత బల్ల మీద, అందరికీ ఉమ్మడిగా, జాకీ, ఏడు, రెండు పడ్డాయి. అంటే ఎదుటివాడికి అక్కడే రెండు జతలు, మీవాడికి ఒక్కటే. నాలుగో ముక్క రాజు. అప్పుడు మీవాడు ఉన్నదంతా తోసి ఆల్ ఇన్ అన్నాడు. ఇద్దరి చేతులూ తెరిచి చూస్తే పేకలో మిగిలినవి 44 ముక్కలు. వాటిలో మీవాణ్ణి గెలిపించేవి 8: రెండు ఆసులు, మూడు జాకీలు, మూడు రాజులు. తక్కిన 36లో ఏది పడినా ఓటమే. చివర్లో రెండు పడిందని అర పేజీ ఏడిపించావు గానీ, అది పడకపోయినా చాలావరకు గెలిచేవాడు కాదు. అప్పుడు అదృష్టం కలిసి రావాల్సింది మీవాడికి!

దురదృష్టం గురించి రాసేవాడు దానికి ముందు వేసిన పందెం ఎంతో రాసి తీరాలి. ఈ ముక్క ఎన్నిసార్లయినా చెబుతాను. ఈ కొసమెరుపు జబ్బు నీకు పుట్టింది కాదులే, పత్రికలవాళ్లు అంటించింది. ‘లెక్కలు ఎవరు చదువుతారండీ’ అని నా కథలో కౌలు లెక్క కోసేసిన సంపాదకుడొకాయన, చివర్లో మాత్రం ఓ చావు కలపమన్నాడు.

రాజు-ఎనిమిదితో ఆల్ ఇన్ అన్న పెద్దాయన్ని ‘పిచ్చోడు’ అన్నావు. ఆయన దగ్గర 16,000 చిప్పులు, బ్లైండ్లు 1,000, 2,000. అంటే ఎనిమిది బిగ్ బ్లైండ్లు. ఆ బల్ల మీద ఒక చుట్టు తిరిగేసరికి చెయ్యి కదపకపోయినా 3,000 పోతాయి, యాంటీ అని ప్రతి ఆటకీ విడిగా కట్టేది ఉంటే ఇంకా ఎక్కువ. ఇరవై, ముప్పై నిమిషాలకోసారి బ్లైండ్లు పెరుగుతాయి. మన 101 పూల్ రమ్మీలో మొదట్లోనే డ్రాపైతే 20 పాయింట్లతో వదిలిపోతుంది. ఇక్కడ డ్రాపవుతూ కూర్చునేవాడికి ఆ ఖర్చు పెరుగుతూ పోతుంది. పది బిగ్ బ్లైండ్ల కిందికొచ్చాక ఉన్నదంతా తొయ్యాలి, లేదా పారెయ్యాలి, అంతే. ముందువాళ్లంతా పారేశాక బటన్ దగ్గర, అంటే తన తర్వాత బ్లైండ్లవాళ్లిద్దరే మిగిలిన కుర్చీలో కూర్చుని ఆయన తోశాడు. చెత్త ముక్కే, కానీ ఆ కుర్చీలో సరైన ఆట. పిచ్చోడు అనే ముందు ఆయన కుర్చీలోంచి ఒక పేరా రాసి చూడు.

అన్నీ సరిగ్గా ఆడినా ఓడతారు, కాదనను. నూటికి 80 వంతులు మనవైపే ఉన్న ఆల్ ఇన్‌లు ఐదు వరసగా గెలవడం మూడింట ఒక్కసారి కుదురుతుంది. అంత మామూలు సంగతికి నీ కథలో మూడుసార్లు ఆకాశం ఉరిమింది.

ఇంకోటి. 2022లో భీమవరంలో కూర్చుని ఫోన్ మీద డబ్బులకి ఆడి నేర్చుకున్నాడన్నావు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020లోనే నిషేధించారు. ఎలా ఆడాడో చెప్పు, లేకపోతే ఆ సంవత్సరాన్ని 2020కి ముందుకి మార్చు.

నీ కథలో ఉన్న మంచి మనిషి ఆ తండ్రి. తెల్లవారుజామున కరెంటు పోయి, చెరువు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ (డీవో) 3 పీపీఎం కిందికి దిగి, రొయ్యలు పైకి తేలితే ఆయన విధి అనడు. జనరేటర్లో డీజిల్ ఎందుకు లేదని అడుగుతాడు. అలాంటి మనిషిని రెండో పేజీలో వదిలేశావు. కొడుకు గోవా నుంచి వచ్చి, ఆసులు, ఏడు-రెండు అంటూ గట్టు మీద కూర్చుని ఏడిస్తే ఆయన ఒక్కటే అడగాలి: ‘ముందు ఎంత వేశావురా?’ పోకర్ తెలియకపోయినా అడగగలడు. అక్కణ్ణుంచి మళ్లీ రాసి పంపు. ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో.

తా.క.: ఎదుటివాడి చేతిలో కళావరు ఏడు అన్నావు, బల్ల మీదా కళావరు ఏడే పడేశావు. పోకర్‌కి రమ్మీలా రెండు పేకలు కలపరు. బల్ల మీదది డైమను చెయ్.