పాకిస్తాన్ విశ్వాసులకు కానుక పంపవచ్చునా?

ప్రశ్న: జరన్‌వాలాలో చర్చిలు తగలబడుతున్న వీడియో చూసినప్పటి నుండి మా యవ్వనస్థుల కూటమి పాకిస్తాన్ విశ్వాసుల కోసం ఉపవాస ప్రార్థన చేస్తోంది. కొంత కానుక కూడా పోగయింది. ఈ మధ్య అక్కడి పాస్టరునని చెప్పుకొంటున్న ఒకాయన ఫేస్‌బుక్‌లో పరిచయమై, పిల్లల ఫొటోలు పెట్టి డబ్బు పంపమంటున్నారు. పంపవచ్చునా? ఊరికే ప్రార్థన చేసి ఊరుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సోదరీ, ఆయనకు మాత్రం పంపవద్దు. ఆయన మోసగాడని నేను అనడం లేదు. నిజమైన కాపరే కావచ్చు, కానీ ఆ సంగతి తేల్చుకునే దారి మీకు లేదు. యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం చందా పోగుచేయించిన పౌలు దానిని ఒంటరిగా పట్టుకుపోలేదు. సంఘాలు యోగ్యులని ఎంచినవారి చేతనే పంపిస్తానని కొరింథీయులకు వ్రాశాడు (మొదటి పత్రిక, 16వ అధ్యాయం). అపొస్తలునికే అంత జాగ్రత్త అవసరమైతే, ఫేస్‌బుక్ పరిచయం విషయంలో మనకెంత ఉండాలి?

అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మన సాయం వారి ప్రాణాల మీదికి రాకూడదు. పాకిస్తాన్ శిక్షాస్మృతిలో 1986లో చేర్చిన 295-సి సెక్షన్ ప్రకారం మహమ్మద్ ప్రవక్తను దూషించినట్టు రుజువైతే మరణశిక్ష పడుతుంది. ఇంతవరకు ఆ సెక్షన్ కింద ప్రభుత్వం ఎవరినీ ఉరి తీయలేదు గాని, ఆరోపణ వచ్చిందంటే చాలు, తీర్పు దాకా ఆగని గుంపులు ఉన్నాయి. 2023 ఆగస్టు 16న ఫైసలాబాద్ జిల్లా జరన్‌వాలాలో జరిగింది అదే: ఖురాన్ పేజీలను అపవిత్రం చేశారన్న ఆరోపణ పుట్టిన కొద్ది గంటల్లోనే పదుల సంఖ్యలో ఇళ్లు, చర్చిలు దగ్ధమయ్యాయి. అటువంటి చోట ఉన్న మనిషికి భారతదేశం నుండి డబ్బో, ఆవేశపు సందేశమో చేరితే, దానిని ఎవరు ఏ విధంగా వాడుకుంటారో మనం ఊహించలేం. ఆ వీడియోలో ముఖాలు కనిపిస్తుంటే దయచేసి ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి.

ఆసియా బీబీ సంగతి మీ యవ్వనస్థులకు వివరంగా చెప్పండి. 2009 జూన్‌లో పాకిస్తాన్ పంజాబ్‌లోని ఇట్టన్‌వాలీ గ్రామంలో ఫాల్సా పండ్లు కోసే కూలికి వెళ్లిన ఆమె నీళ్లు తెచ్చి ఇస్తే, క్రైస్తవురాలు ముట్టిన నీళ్లు తాగబోమని తోటి కూలి స్త్రీలు అన్నారు. మాటా మాటా పెరిగింది, అది దైవదూషణ కేసయింది. రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన పల్లెలకు ఈ కథ వేరే దేశపు కథలా అనిపించదు. ఇప్పటి పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ ప్రాంతంలో అణగారిన కులాలవారు 1870లలో గుంపులుగా బాప్తిస్మం పొందడం మొదలుపెట్టగా, 1878లో మన ఒంగోలు ప్రాంతంలోనూ అదే జరిగింది.

2010లో ఆమెకు మరణశిక్ష పడింది. 2018 అక్టోబరు 31న సుప్రీంకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. మరుసటి ఏడాది ఆమె కెనడా చేరుకుంది. ఈ మధ్యలో ఆమె పక్షాన మాట్లాడినందుకు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011 జనవరిలో ఆయన అంగరక్షకుడే కాల్చి చంపాడు. రెండు నెలలకు మైనారిటీల మంత్రి షాబాజ్ భట్టీ హతుడయ్యారు. భట్టీ క్రైస్తవుడు, తసీర్ ముస్లిం. ఆమె కోసం సుప్రీంకోర్టులో వాదించిన సైఫుల్ మలూక్ ముస్లిం, విడిపించిన న్యాయమూర్తులూ ముస్లింలే. పాకిస్తాన్ కోసం చేసే ప్రార్థన మన వీధిలోని ముస్లిం కుటుంబం మీద కసిగా మారడం నేను కొన్నిచోట్ల చూశాను, అందుకే ఈ పేర్లు ప్రత్యేకంగా వ్రాస్తున్నాను.

ఇక పోగయిన కానుక. మీది సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) అయితే, 'చర్చ్ ఆఫ్ పాకిస్తాన్' అనే అక్కడి సంఘమూ అదే ఆంగ్లికన్ సహవాసంలో ఉంది గనుక మీ డయోసిస్ కార్యాలయానికి వ్రాసి, అక్కడివారే అడిగిన అవసరమేదైనా ఉందా, పంపే మార్గముందా అని అడగండి. మరో సంఘమైతే మీ పెద్దల ద్వారా అదే పని చేయండి. సంఘం ట్రస్టుగానో సొసైటీగానో పన్ను మినహాయింపు పొందుతుంటే, ఆ సొమ్మును దేశం వెలుపల ఖర్చు పెట్టడానికి ప్రత్యేక నిబంధనలున్నాయి. కాబట్టి ముందుగా ఆడిటరును, తరువాత బ్యాంకును సంప్రదించండి. మార్గం లేదంటే ఆ సొమ్మును దాచి ఉంచడమో, ఇచ్చినవారిని అడిగి వేరే పనికి మళ్లించడమో చేయాలి గాని, ఎవరో ఒకరి చేతిలో పెట్టేసి భారం దించుకోకూడదు.

ప్రార్థనను "ఊరికే" అన్నారు. బంధకాలలో ఉన్నవారిని, వారితో కూడ మీరూ బంధింపబడినట్టుగా తలచుకోమంటుంది హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం. "పాకిస్తాన్ విశ్వాసులను దీవించుము" అని ఒక్క మాటతో ముగిస్తే అది ఊరికే చేసినట్టే. వచ్చే కూటమిలో ఇలాంటి కేసుల్లో జైలులో ఉన్నవారి కోసం, వాళ్ల తరఫున వాదించడానికి జంకుతున్న న్యాయవాదుల కోసం, కాలిన ఇళ్లకు తిరిగి వచ్చి అదే వీధిలో అదే ఇరుగుపొరుగుతో బతుకుతున్న జరన్‌వాలా కుటుంబాల కోసం, ఆ ఇరుగుపొరుగు కోసం కూడా విడివిడిగా ప్రార్థించండి.