ఎర్ర పెన్ను ఎక్కడ పడుతోంది?

చదువు ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా బిడ్డ పదకొండో తరగతి చదువుతోంది. పై చదువుకు అమెరికా పోవాలని పట్టుదల. వచ్చే మే నెలలో ఏపీ ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ కంపోజిషన్ పరీక్ష రాస్తానంటోంది. ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది, బడిలో తొంభైకి తగ్గవు. కానీ పాత పేపర్లు చూసి రాసుకున్న వ్యాసాలను తనే దిద్దుకుంటే ఆరింటికి రెండో మూడో వస్తున్నాయి. ఇక్కడి స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో అడిగితే, ఏపీ అంటే ఆంధ్రా సిలబసా అంటున్నారు. ట్యూషన్ ఎవరి దగ్గర పెట్టించాలి?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: అమ్మా, ఈ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో కాలేజ్ బోర్డు పెట్టే పరీక్ష. ట్యూషన్ సంగతి తర్వాత, ముందు సీటు చూసుకోండి. ఈ పరీక్ష పెట్టే అనుమతి ఉన్న స్కూల్లోనో కేంద్రంలోనో రాయాలి. మీ అమ్మాయి బడిలో లేకపోతే, బయటి పిల్లల్ని రాయనిచ్చే చోటు ఏదో కనుక్కుని మాట్లాడుకోవాలి. మే పరీక్షకు పేరు ఇవ్వాల్సింది అంతకుముందు నవంబరు మధ్యకల్లా. చాలామంది సంక్రాంతి సెలవుల్లో మేల్కొని ఆలస్య రుసుము కడుతుంటారు.

పరీక్ష మొత్తం 3 గంటల 15 నిమిషాలు. మొదటి గంటలో 45 బిట్లు, వాటికి 45 శాతం. మిగతా 2 గంటల 15 నిమిషాల్లో మూడు వ్యాసాలు, వాటికి 55 శాతం. ఒక్కో వ్యాసానికి 6 మార్కులు, మూడింటికి 18. లెక్క వేసి చూడండి: వ్యాసంలో ఒక్క మార్కు దాదాపు మూడు బిట్లతో సమానం. మీ ట్యూషన్ డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో ఈ లెక్కే చెబుతుంది.

ఆ ఆరు మార్కుల్లో ఒకటి థీసిస్‌కు, అంటే రాసేవాళ్ళు తేల్చి చెప్పే మాటకు. నాలుగు ఆధారాలకూ వాటి వివరణకూ. చివరి ఒకటి ఆలోచనలో లోతుకు. ఆ చివరిది అరుదుగా పడుతుంది, దాని వెంట పరుగెత్తవద్దు. థీసిస్ మార్కు వారం రోజుల సాధనతో వస్తుంది. మీ అమ్మాయి ఆగిపోతున్నది మధ్యలో ఉన్న నాలుగింటి దగ్గర.

ఎందుకు ఆగుతుందో మన తెలుగు పరీక్ష గుర్తుచేసుకుంటే అర్థమవుతుంది. అలంకారం ప్రశ్నకు మూడు పనులు చేస్తాం: పేరు చెబుతాం, లక్షణం రాస్తాం, సమన్వయం చేస్తాం. పేరు, లక్షణం బట్టీ పడితే వస్తాయి. ఆ పద్యంలో అది ఎట్లా కుదిరిందో చెప్పే సమన్వయానికే బుర్ర కావాలి. ఈ పరీక్షలో వాళ్ళు కామెంటరీ అనేది ఇంచుమించు ఆ సమన్వయమే. అలంకారం పేరు చెప్పినంత మాత్రాన ఇక్కడ మార్కు రాలదు.

ఒక ఉదాహరణ. 2019 పేపర్లో రెండో ప్రశ్నకు, అంటే ఇచ్చిన రచన చదివేవారిని ఎట్లా ఒప్పిస్తుందో విడమరిచి చెప్పాల్సిన వ్యాసానికి ఇచ్చింది మన గాంధీజీ 1930లో వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరం చివరి భాగం. ఇది బెదిరింపు కాదు, సత్యాగ్రహిగా నా విధి అంటారు. అదే ఉత్తరంలో ఫలానా తేదీన ఉప్పు చట్టాన్ని ధిక్కరిస్తానని కూడా చెబుతారు. 'గాంధీ మర్యాదైన పదాలతో చదివేవారి మనసును ఆకట్టుకున్నారు' అని రాస్తే రెండు మార్కుల దగ్గరే ఆగుతారు, ఎందుకంటే ఆ వాక్యం ఏ ఉత్తరానికైనా అతుకుతుంది. 'చదువుతున్నది అరెస్టు చేయగల అధికారి. బెదిరింపులా వినిపిస్తే అతని చేతికి సాకు దొరుకుతుంది. విధి అనడంతో ఆ సాకు పోయింది. తేదీ ముందే చెప్పడంతో, మాకు తెలియదు అనే వీలు కూడా పోయింది. ఇక ఏం చేసినా బాధ్యత వైస్రాయ్‌దే' అని రాస్తే అది సమన్వయం. వ్యాసం పొడవునా ఇట్లా రెండు మూడు చోట్ల జరిగితే నాలుగుకు నాలుగూ వస్తాయి.

ఇప్పుడు ట్యూటర్ని పరీక్షించే పద్ధతి. కాలేజ్ బోర్డు వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నలు, విద్యార్థులు రాసిన నమూనా వ్యాసాలు, వాటికి పడ్డ మార్కులు, ఎందుకు పడ్డాయో దిద్దినవాళ్ళ వివరణ అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఒక వ్యాసం ప్రింటు తీసి, మార్కు కనబడకుండా ట్యూటర్‌కు ఇవ్వండి. థీసిస్, ఆధారాలు, లోతు – మూడు వరుసలకు విడివిడిగా మార్కులు వేసి కారణం చెప్పమనండి. మొత్తం ఒక మార్కు అటూ ఇటూ అయితే పరవాలేదు. రెండు తేడా వస్తే ఆయన ఈ పరీక్షకు ఇంకా సిద్ధంగా లేరు. తర్వాత మీ అమ్మాయి వ్యాసం ఇచ్చి, ఎర్ర పెన్ను ఎక్కడ పడుతోందో చూడండి. 'ఎ', 'ది', ప్రిపొజిషన్ల మీదే పడితే ఆయన మంచి గ్రామర్ సారు కావచ్చు, మీకు పనికిరారు. గడియారం పెట్టి రాసిన చిత్తుప్రతి అని తెలిసే దిద్దుతారు కాబట్టి, అర్థం చెడనంతవరకు చిన్న తప్పులకు ఈ పరీక్షలో మార్కులు కోయరు. 'అయితే ఏమిటి? ఎందుకని? ఎవరికి చెబుతున్నాడు?' అని మార్జిన్‌లో ప్రశ్నలు రాసే మనిషి దొరికితే వదలకండి.

అట్లాంటివాళ్ళు కోచింగ్ బోర్డుల కింద దొరకాలని లేదు. కాకతీయ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎంఏ, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళను, రిటైరైన డిగ్రీ కాలేజీ లెక్చరర్లను అడిగి చూడండి. మార్కుల పట్టిక కొత్తదైనా రెండు మూడు సాయంత్రాల్లో పట్టుబడుతుంది. జాగ్రత్తగా చదివే అలవాటు మాత్రం అంత తొందరగా అబ్బేది కాదు.

పన్నెండు వారాలు చాలు. వారానికి ఒక వ్యాసం, ఇంట్లో, గడియారం పెట్టుకుని 40 నిమిషాల్లో. క్లాసుకు రెండు రోజుల ముందు ట్యూటర్‌కు చేరాలి. క్లాసు గంట, గంటంబావు. అందులో లెక్చరు పావుగంట దాటకూడదు, మిగతా సమయమంతా పిల్ల రాసినదాని మీదే. క్లాసు అయ్యాక వ్యాసం మొత్తం తిరగరాయించవద్దు, బలహీనంగా ఉన్న ఒక్క పేరా తిరిగి రాస్తే చాలు. మొత్తం తిరగరాయమంటే పిల్లలు అందంగా కాపీ కొడతారు, ఆలోచన అక్కడే ఉంటుంది. ట్యూటరే వాక్యాలు మార్చి రాసి ఇస్తుంటే రెండో వారానికే మాన్పించండి. వ్యాసం బాగుపడుతుంది, రాసే చెయ్యి బాగుపడదు. ఇరవై మందిని కూర్చోబెట్టి 'మోడల్ ఎస్సేలు' పంచే బ్యాచీలదీ ఇదే దారి.

ప్రశ్న: సింథసిస్ వ్యాసంలో, అంటే వాళ్ళిచ్చే సోర్సుల (రచనలు, గ్రాఫుల) ఆధారంగా మన వాదన రాసేదానిలో, ఆరు సోర్సులు చదివేసరికే తల తిరుగుతోంది. ఒక్కోదానికి ఒక పేరా రాస్తున్నాను. మార్కులు రావడం లేదు.
– ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, తప్పు నీ ప్రశ్నలోనే ఉంది: ఒక్కోదానికి ఒక పేరా. అట్లా రాస్తే అది సోర్సుల సారాంశం అవుతుంది, నీ వాదన కాదు. పంచాయతీలో ఆరుగురు పెద్దమనుషులు మాట్లాడారనుకో. వాళ్ళ మాటలు వరుసగా అప్పజెప్పడం నీ పని కాదు. తీర్పు చెప్పేది నువ్వు. 'ఈయన చెప్పిన నష్టం నిజమే గానీ, ఆమె చూపిన లెక్క ప్రకారం అది కొన్నేళ్ళదే' అన్నట్టు ఒకరి మాటను ఇంకొకరి మాటతో ఢీకొట్టాలి. ఒకే పేరాలో రెండు సోర్సులు ఎదురుపడితే నువ్వు సరైన దారిలో ఉన్నట్టే.

చదవడానికి ఇచ్చే 15 నిమిషాలను ఇట్లా పంచుకో. మొదటి రెండు నిమిషాలు ప్రశ్నకు. సోర్సులు తెరవకముందే నీకు తోచిన పక్షం ఒక ముక్కలో రాసి పెట్టుకో. ఒక్కో సోర్సుకు ఒకటిన్నర నిమిషం: ఎవరు, ఏ పక్షం, వాడుకోదగ్గ ఒక్క మాట. మిగిలిన నాలుగు నిమిషాల్లో మూడో నాలుగో ఎంచుకుని, ఏది ఏ పేరాలోకో గీసుకో. పక్షం మారితే మారనీ, ఆ మార్పే ఒక్కోసారి మంచి థీసిస్ అవుతుంది. ఆరూ వాడితే అదనంగా ఏమీ రాదు. కనీసం మూడు ఉండాలి. రెండే వాడితే ఆధారాల వరుసలో నాలుగుకు ఒక్కటి దాటదు, ఎంత బాగా రాసినా సరే. ఎక్కడ తీసుకున్నావో 'సోర్సు బి' అని చెబితే చాలు. గ్రాఫో బొమ్మో ఉంటుంది, దాన్ని దాటేయకు. అందులో ఒక అంకె పట్టుకుని అది ఏం తేలుస్తుందో చెప్పు.

సాధనకు 2018 ప్రశ్న తీసుకో. ప్రజావసరం పేరుతో ప్రభుత్వం సొంత భూమి తీసుకోవడం గురించి. ఓపెన్‌కాస్టు గనులకూ రిజర్వాయర్లకూ భూములు పోయిన ఊళ్ళ మధ్య పెరిగినవాడివి, చెప్పడానికి నీకు చాలా ఉంటుంది. అక్కడే జాగ్రత్త. ఆ అనుభవం వాదనకు బలమే గానీ, సోర్సుల స్థానంలో నిలబడదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్ని. డల్లాస్‌లో ఉన్న మనుమడికి ఈ పరీక్ష. బయటి ట్యూటర్ ఎందుకు, నువ్వే ఆన్‌లైన్‌లో చెప్పు నాయినా అంటున్నాడు మా అబ్బాయి. ముప్పై ఏళ్ళు నాటకాలు, కవిత్వం చెప్పినవాణ్ణి. సరిపోతానా?
– ఒక తాత, జగిత్యాల

జవాబు: సరిపోతారు సార్, మూడు సంగతులు సర్దుకుంటే.

మొదటిది, ఈ పేపర్లో కవిత్వం, నాటకం ఉండవు. అవి లిటరేచర్ అనే వేరే పరీక్షలో వస్తాయి. ఇక్కడ ప్రసంగాలు, ఉత్తరాలు, వ్యాసాలు. ఇందులో అందం కన్నా పని ముఖ్యం: ఎవరు, ఎవరిని, ఏ సందర్భంలో, దేనికి ఒప్పించబోతున్నారు? మీరు ఇంటి దగ్గర పాఠానికి 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ ప్రసంగం, 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ప్రసంగం పక్కపక్కన పెట్టండి. ఒకటి పండుగ మాట, ఇంకొకటి హెచ్చరిక. సభ అదే, రెండేళ్ళ తేడా. సందర్భం మాటను ఎట్లా మారుస్తుందో పిల్లవాడికి ఇట్టే తెలుస్తుంది.

రెండోది, పాత సరుకుతో జాగ్రత్త. 2019 వరకు వ్యాసాలకు 9 మార్కుల కొలత ఉండేది. ఆ నమూనాల్లో 6 చూసి మనవాడికి పూర్తి మార్కులని సంబరపడవద్దు. మార్కులు పోల్చుకోవడానికి 2021 నుంచి వచ్చినవే వాడండి. పాత బిట్ల పేపర్లలో ఐదు ఆప్షన్లు, ఇప్పుడు నాలుగే.

మూడోది వేళ. చలికాలంలో డల్లాస్ మనకంటే 11 గంటల 30 నిమిషాలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి 10 గంటల 30 నిమిషాలే. మీ ఆదివారం ఉదయం 8 అంటే అక్కడ శనివారం రాత్రి 8:30, మార్చి తర్వాత 9:30. గడియారం మారాక వచ్చే మొదటి క్లాసు తప్పిపోకుండా చూసుకోండి.

ఇంకొక మాట. షేర్ చేసుకున్న డాక్యుమెంట్‌లో మీరు వాక్యాలు దిద్దకండి, పక్కన కామెంట్లే రాయండి. లెక్చరర్ చెయ్యి ఆగదని తెలుసు, అయినా ఆపుకోవాలి. మనుమడికి తెలుగు వస్తే, రాయకముందు తన పక్షం ఏమిటో తెలుగులో చెప్పమనండి. తెలుగులో తడబడితే ఇంకా ఆలోచన తేలలేదని అర్థం, ఇంగ్లిష్ తప్పు కాదు.

ప్రశ్న: బిట్లలో పది దాకా వదిలేస్తున్నాను. తెలియనివి రాస్తే మైనస్ ఉంటుంది కదా?
– ఒక విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: లేదమ్మా. అది జేఈఈ అలవాటు. ఇక్కడ తప్పు రాస్తే ఏమీ పోదు, ఖాళీ వదిలితేనే నష్టం. 45 ప్రశ్నల్లో 23 నుంచి 25 చదివి అర్థం చేసుకునేవి. మిగతావి ఒక చిత్తుప్రతిని ఇచ్చి, ఈ వాక్యం ఎక్కడ పెడితే బాగుంటుంది, ఏ ఆధారం చేరిస్తే వాదన బలపడుతుంది అని అడిగేవి. పాఠం చిన్నగా ఉండి తొందరగా అయ్యేవి ఈ రెండో రకమే. సమయం చాలకపోతే వాటిని ముందు తీసుకో.

2025 మే నుంచి ఈ పరీక్ష బ్లూబుక్ అనే యాప్‌లో, కంప్యూటర్ మీదే. ఫోన్‌లో బొటనవేళ్ళతో ఎంత వేగంగా కొట్టినా లెక్కలోకి రాదు. 40 నిమిషాల్లో పది ఆలోచనకు పోతే ముప్పైలో అయిదువందల మాటలు పడాలి. ఇంట్లో ల్యాప్‌టాప్ లేకపోతే అడిగి తెచ్చుకునైనా రోజూ ఇరవై నిమిషాలు కీబోర్డు మీద ఇంగ్లిష్ పేరాలు కొట్టు. అదే యాప్‌లో నమూనా పరీక్ష ఉంటుంది, మే దాకా ఆగకుండా ఇప్పుడే ఒకసారి తెరిచి చూడు.