ఇరవై నిమిషాలు అమ్మ తిరిగొచ్చింది

ప్రశ్న: మాది గాజువాక. అమ్మకు 78 ఏళ్లు, ఏడేళ్లుగా అల్జీమర్స్. రెండేళ్లుగా నన్ను గుర్తుపట్టడం లేదు, మాట కూడా దాదాపు పోయింది. పోయిన వారం పొద్దున్నే చోడి జావ తాగిస్తుంటే నా ముఖంలోకి చూసి, "ఏటే, ఇలాగ చిక్కిపోయావు? నువ్వు తిన్నావా?" అంది. ఇరవై నిమిషాలు చక్కగా మాట్లాడింది, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముణ్ణి అడిగింది. తర్వాత మళ్లీ అదే ఖాళీ చూపు. అమ్మ కోలుకుంటోందా? నేను విసుక్కున్న మాటలన్నీ ఇన్నాళ్లూ వింటూనే ఉందా? నిద్ర పట్టడం లేదు.

జవాబు: కోలుకోవడం కాదమ్మా. ఆ జబ్బులో పోయిన మెదడు కణాలు తిరిగి రావు. అలాగని మీరు చూసింది భ్రమా కాదు. జబ్బు బాగా ముదిరినవాళ్లకు ఉన్నట్టుండి తెలివి రావడం ఎంతోమంది ఇంటివాళ్లు, నర్సులు చూశారు. చావుకు ముందు ఇలా జరిగితే దాన్ని 'టెర్మినల్ లూసిడిటీ' అంటారు. 2009లో మిఖాయెల్ నామ్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త పెట్టిన పేరది. నెట్‌లో ఆ మాట చూసి టెన్షన్ పడకండి, ఆ తర్వాత నెలల తరబడి బతికినవాళ్లూ ఉన్నారు. మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. ఎప్పుడు, ఎంతసేపు మాట్లాడిందో రాసి పెట్టుకుని డాక్టరుకు చెప్పండి.

మిమ్మల్ని నిజంగా కోస్తున్నది రెండో ప్రశ్న. ఈ జబ్బులో కొత్తగా విన్నది నిలవకపోవడమే మొదట కనిపిస్తుంది. రెండేళ్ల మాటలు దాచుకుని లెక్క చూసుకునే స్థితిలో ఆవిడ లేదు. అప్పటికప్పుడు గొంతులో విసుగు తగిలితే ముఖం ముడుచుకునే ఉంటుంది, అది నిజమే. అందుకే ఆవిడ ఎదురుగా, ఆవిడ లేనట్టు మాట్లాడుకోవద్దు. కానీ తెలివి వచ్చిన ఆ కాసేపట్లో అమ్మ అడిగింది మీ విసుగు గురించి కాదు, మీ తిండి గురించి!

మళ్లీ వస్తే "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి. మా పెద్దమ్మ ఒకరోజు అలాగే పలకరిస్తే అందరినీ పిలవడానికి పరుగెత్తాను. వచ్చేసరికి ఆవిడ మళ్లీ లేదు. ఆ తప్పు మీరు చేయొద్దు. చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చోండి, ఆవిడ ఎటు తీసుకెళ్తే అటే మాట్లాడండి. రాకపోతే మీ లోపమేమీ లేదు.

తమ్ముడికి ఇవాళే చెప్పండి, అమ్మ నిన్ను అడిగిందని. నెలకు రెండు రోజులు వచ్చి చూసుకోమనండి. మొహమాటపడొద్దు. వృద్ధుల విషయంలో సాయానికి 14567 ఉచిత నంబరు ఉంది. తమ్ముడు ఉన్న పూట అప్పికొండ సముద్రం దాకా వెళ్లి రండి. మీరు చిక్కిపోయారని అమ్మ ఊరికే అనలేదు. రేపు పొద్దున జావ కలిపే ముందు మీరు ఇంత టిఫిన్ తినండి.