ఎన్నారై సందేహాలు: ఆగిపోయిన గేమ్ కన్సోల్‌ను విప్పే ముందు

పై చదువుకు వచ్చి కొద్ది నెలలే అయిందనీ, సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ప్లేస్టేషన్ 4 ఆన్ అవుతున్నా టీవీలో బొమ్మ రావడం లేదనీ, రిపేరుకు అడుగుతున్న డబ్బు కొన్న ధరలో సగం దాకా ఉందనీ, అందుకే స్క్రూడ్రైవర్ల సెట్టు తెప్పించుకుని తానే విప్పాలనుకుంటున్నాననీ ఒక పాఠకుడు రాశారు. ఆ సెట్టు వచ్చేదాకా ఆగండి. వచ్చాక కూడా ఇంకాస్త ఆగండి. పరాయి దేశంలో కొత్తగా దిగినవారికి ప్రతి ఖర్చూ రూపాయల్లోకి మారి కనిపిస్తుంది. గుండె గుభేలుమంటుంది. నాకూ అలాగే ఉండేది. కన్సోల్ విషయంలో నేను పోగొట్టుకున్న డబ్బంతా, డబ్బు మిగుల్చుకోవాలన్న ఆత్రంతోనే పోగొట్టుకున్నాను.

నేను వచ్చిన తొలి రోజుల్లో పండగ డిస్కౌంటులో కొత్త కన్సోల్ ఒకటి కొన్నాను. కొంతకాలానికి, ఆట మొదలుపెట్టిన కాసేపటికే ఫ్యాను హోరెత్తడం, బాగా వేడెక్కిందని తెర మీద హెచ్చరిక రావడం, ఆ వెంటనే యంత్రం దానంతటదే ఆగిపోవడం మొదలైంది. వారంటీ ఇంకా మిగిలే ఉంది. అయినా కంపెనీకి పంపితే ఏదో ఒక పేరు చెప్పి డబ్బు అడుగుతారని నాకు నేనే తీర్మానించుకుని, ఎవరినీ అడగకుండా బల్ల మీద పెట్టి విప్పాను. వెనక ఉన్న స్క్రూలు నక్షత్రం ఆకారంలో ఉండి, మధ్యలో చిన్న పుల్లలాంటిది ఉండే రకం. వాటికి సెక్యూరిటీ టార్క్స్ డ్రైవర్ కావాలి. నా దగ్గర అది లేక, మామూలు చదును మొన స్క్రూడ్రైవర్‌నే అందులో ఇరికించి తిప్పితే రెండు స్క్రూల తలలు అరిగిపోయాయి.

అక్కడైనా ఆగవలసింది. లోపల డిస్క్ డ్రైవ్ నుంచి వచ్చే రిబ్బన్ కేబుల్ ఒకటి ఉంటుంది. అది కూర్చునే కనెక్టర్ మీద గోరంత మందం కూడా లేని నల్లటి రెప్ప ఉంటుంది. ఆ రెప్పను గోటితో మెల్లగా పైకి లేపితే కేబుల్ తనంతట తానే వదులవుతుంది. నేను రెప్పను చూడనే లేదు. కేబుల్ పట్టుకుని లాగాను. టప్పుమని రెప్ప విరిగి ఎక్కడో పడింది, ఆ తర్వాత కేబుల్ ఎన్నిసార్లు పెట్టినా నిలవలేదు. విరిగిన కనెక్టర్ డ్రైవ్ బోర్డు మీదిది కాబట్టి డ్రైవే మార్చేద్దామని ఇంకొకటి కొన్నాను. అదీ డిస్కులు చదవలేదు. చాలా కన్సోళ్లలో డిస్క్ డ్రైవ్‌లోని బోర్డునూ, కన్సోల్ ప్రధాన బోర్డయిన మదర్‌బోర్డునూ ఫ్యాక్టరీలోనే జత కట్టేస్తారనీ, వేరే డ్రైవ్ తెచ్చి పెడితే ఒప్పుకోదనీ నాకు అప్పుడే తెలిసింది. దుమ్ము తుడిస్తే పోయే జబ్బుకు ఉన్న డ్రైవ్ పాడుచేసుకుని, ఇంకొక డ్రైవ్ ఖర్చు పెట్టినట్టయింది. ఇప్పుడు వచ్చే పిల్లలు ఒక వీడియో చూడగానే చెయ్యి వేసేస్తారు. వీడియో తీసినవాడు ఆ పని ముందు ఎన్నిసార్లు చేశాడో అందులో కనిపించదు.

కాబట్టి మొదటి పని వారంటీ చూసుకోవడం. నిబంధనలు దేశానికొక రకంగా ఉంటాయి, మీరే సరిచూసుకోగలరు. రెండు మూడు సంగతులు మాత్రం చెబుతాను. అమెరికాలో, కన్సోల్ మీది సీలు స్టిక్కర్ తీస్తే వారంటీ పోతుందన్న మాట చట్టవిరుద్ధం కావచ్చని 2018లో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోలతో సహా ఆరు కంపెనీలకు లేఖలు రాసింది. యూరోపియన్ యూనియన్ దేశాలలో కొత్త వస్తువుకు అమ్మినవారే కనీసం రెండేళ్లు బాధ్యత వహించాలి. నింటెండో స్విచ్ కంట్రోలర్లలో బొటనవేలితో కదిపే పుల్ల (స్టిక్) ముట్టుకోకపోయినా బొమ్మ దానంతటదే కదిలే డ్రిఫ్ట్ లోపం ఉంది. వారంటీ దాటినా దాన్ని ఉచితంగా బాగుచేస్తామని ఆ కంపెనీ 2023లో యూరప్, బ్రిటన్‌లలో ప్రకటించింది. ఉచితంగా అయ్యే పనికి విడిభాగాలు కొనుక్కున్నవారిని నేను ఎందరినో చూశాను. ఇండియాలో కొన్న కన్సోల్‌కు మాత్రం ఇక్కడ వారంటీ సాధారణంగా చెల్లదు.

ఇండియా నుంచి తెచ్చుకున్నవారికి ఇంకొక మాట. అడుగున ఉన్న లేబుల్ మీద 100–240 వోల్టులు అని ఉంటే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. చాలా కన్సోళ్లకు, ఎనిమిది అంకెలా ఉండే మొనతో ఇక్కడి పవర్ కార్డు ఒకటి కొంటే చాలు. వోల్టేజి మార్చే బరువైన ట్రాన్స్‌ఫార్మర్ కొననవసరం లేదు. ఎక్స్‌బాక్స్ 360 లాంటి పాత యంత్రాలకు బయట ఇటుకంత అడాప్టర్ ఉంటుంది, అది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. 110 వోల్టుల అడాప్టర్‌ను 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. లేబుల్ చదవడానికి పైసా ఖర్చు లేదు.

ఇక మీ ప్లేస్టేషన్ సంగతి. లైటు తెల్లగా నిలిచి వెలుగుతూ బొమ్మ రాకపోతే యంత్రం చచ్చిపోలేదని అర్థం. అనుమానం ముందు బొమ్మను కన్సోల్ నుంచి టీవీకి చేర్చే హెచ్‌డీఎంఐ దారి మీదే పెట్టుకోవాలి. వేరే కేబుల్, వేరే టీవీ, అదే టీవీకి ఇంకొక పోర్టు మార్చి చూడండి. మారకపోతే కన్సోల్‌ను పూర్తిగా ఆపి, పవర్ బటన్‌ను నొక్కిపట్టి ఉంచండి. మొదటి బీప్ తర్వాత సుమారు 7 సెకన్లకు రెండో బీప్ వినిపిస్తుంది, అప్పుడు వదిలితే సేఫ్ మోడ్, అంటే సమస్యలు సరిచేసుకునే మెనూ, వస్తుంది. కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, రిజల్యూషన్ (బొమ్మ స్పష్టత) మార్చే వరుసను ఎంచుకోండి. సీనియర్ గారి టీవీకి తగ్గట్టు పెట్టిన సెట్టింగు మీ టీవీకి సరిపడకపోయినా ఇలా నల్లతెర రావచ్చు. అదే కారణమైతే మీకు స్క్రూడ్రైవర్‌తో పనే లేదు.

సేఫ్ మోడ్‌లో కూడా తెర నల్లగానే ఉంటే, ఫోన్ టార్చ్ వేసి హెచ్‌డీఎంఐ పోర్టులోకి తొంగిచూడండి. అందులో 19 పిన్నులు దువ్వెన పళ్లలా ఒకే తీరుగా ఉండాలి. ఒకటి వంగినా, లోపలికి జరిగినా, మధ్యలోని నాలుక పగిలినా అక్కడే మీ జబ్బు. కేబుల్ పెట్టి ఉండగానే కన్సోల్‌ను పక్కకు జరిపేవారికి ఇది తరచుగా వస్తుంది. ఆ పోర్టు సోల్డరింగుతో, అంటే కరిగించిన లోహంతో, బోర్డుకు అతికి ఉంటుంది. దాన్ని తీయడానికి హాట్ ఎయిర్ యంత్రం, సోల్డర్ బాగా పారేలా పూసే ఫ్లక్స్, భూతద్దం, అన్నిటికంటే అలవాటు పడిన చెయ్యి కావాలి. పోర్టు మార్చినా బొమ్మ రాకపోతే దాని వెనకనున్న హెచ్‌డీఎంఐ చిప్ పోయి ఉండవచ్చు. ఇంట్లో మొదటిసారి సోల్డరింగ్ ఇనుము పట్టి చేయవలసిన పని ఇది కాదు. నేర్చుకోవాలని ఉంటే ముందు పనికిరాని బోర్డు ఒకటి సంపాదించి, దాని మీద చెయ్యి తిప్పుకోండి.

హీట్ గన్‌తో బోర్డును వేడిచేస్తే బతుకుతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 మూడు ఎర్ర లైట్లు చూపించి చచ్చిపోయేది. ఆన్ చేసినప్పుడు వేడెక్కుతూ, ఆపినప్పుడు చల్లారుతూ ఉండడంతో గ్రాఫిక్స్ చిప్ లోపలి సోల్డర్ అతుకులు బీటలు వారేవి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. అంతటి కంపెనీకే అంత ఖర్చయిన జబ్బును మా గదిలో తువ్వాలు చుట్టి, వేడిగాలి కొట్టి బాగుచేద్దామని చూశాం. రూమ్మేటు కన్సోల్ లేచి కూర్చుంది. గదంతా సంబరం. కొన్నాళ్లకు మళ్లీ పడిపోయింది, మళ్లీ వేడిచేస్తే ఇంకా త్వరగా పడిపోయింది. బీట అలాగే ఉండి, వేడికి తాత్కాలికంగా అంటుకుందంతే. అలా లేపిన యంత్రాలను బాగున్నాయని చెప్పి అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కనీసం గంటసేపు ఆట నడిపించి చూడనిదే డబ్బు ఇవ్వకండి.

ఇంతకీ ఇంట్లో చేసుకోగల పనులు లేవా అంటే, ఉన్నాయి. ఇప్పుడు మా స్నేహితులందరి కన్సోళ్లూ నా బల్ల మీదికే వస్తాయి. ఫ్యాను దుమ్ము తీయడం, చిప్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ మార్చడం, ప్లేస్టేషన్ 4 హార్డ్ డిస్క్ మార్చడం, కంట్రోలర్ పుల్లలు మార్చడం మీరూ నేర్చుకోవచ్చు. గాలి డబ్బాతో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. పాత పేస్ట్‌ను 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఒక కాగితం మీద కన్సోల్ అడుగు బొమ్మ గీసి, అతుక్కునే టేప్ వేసి, తీసిన ప్రతి స్క్రూను బొమ్మలో దాని చోటనే అంటించండి. పొడవైన స్క్రూను పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే బోర్డు దెబ్బతింటుంది. ప్లేస్టేషన్ 4 హార్డ్ డిస్క్ మార్చుకోవడాన్ని సోనీయే అనుమతించింది. 9.5 మిల్లీమీటర్ల మందం దాటని 2.5 అంగుళాల సాటా డ్రైవ్ అయితే సరిపోతుంది.

రెండు వాటి జోలికి మాత్రం పోవద్దు. పవర్ సప్లై డబ్బాను విప్పకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపల విద్యుత్తును నిల్వ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. ప్లేస్టేషన్ 5లో చిప్ మీద పేస్ట్‌కు బదులు లిక్విడ్ మెటల్ (ద్రవరూపంలోని లోహం) ఉంటుంది. దానిలో విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి ఒక్క చుక్క పక్కకు జారినా బోర్డు పోవచ్చు. ఆ యంత్రానికి తెల్ల పలకలు తీసి, దుమ్ము రంధ్రాలను వ్యాక్యూమ్‌తో శుభ్రం చేయడంతో ఆపేయండి.

ఎవరికైనా రిపేరుకు ఇచ్చే ముందు, ఆటలో ఎంతదాకా వచ్చారో దాచి ఉంచే సేవ్ ఫైళ్ల సంగతి చూసుకోండి. మీకు తెర మీద బొమ్మే లేదు కాబట్టి ఇప్పుడు కాపీ తీసుకోలేరు, అందుకని హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయవద్దని రాసి ఇవ్వండి. ఆ డిస్క్‌ను తీసి ఇంకొక కన్సోల్‌లో పెట్టినా మీ ఆటలు రావు, అందులోని సమాచారం మీ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. రిపేరు చేసేవారిని చూసి చెప్పడానికే డబ్బు తీసుకుంటారా, బాగుకాకపోతే తిరిగి ఇస్తారా, పోర్టుకు ఎన్ని నెలల హామీ ఇస్తారు అని అడగండి. వారు చెప్పిన మొత్తం, అదే మోడల్ పనిచేస్తున్నది సెకండ్ హ్యాండ్‌లో దొరికే ధరలో సగం దాటితే, రిపేరు మానుకుని దీనిని విడిభాగాలకు అమ్మండి. హార్డ్ డిస్క్, పవర్ సప్లై, కంట్రోలర్ బాగున్నవి బాగున్నట్టే పోతాయి. ఆ డబ్బుకు కొంత కలిపి ఇంకొకటి కొనుక్కోండి.