కంప్యూటర్ సందేహాలు: సేవ్ చేసిన ఫైల్ ఎటు పోయింది?

(ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ ఫైళ్ల గురించే ఉన్నాయి. జవాబులు విండోస్ 11ను బట్టి ఇస్తున్నాం. విండోస్ 10లో కొన్ని మెనూలు కాస్త వేరే చోట ఉంటాయి.)

ప్రశ్న: మా అబ్బాయి దరఖాస్తు కాగితాలు జిప్ ఫైల్‌గా మెయిల్‌లో వచ్చాయి. అందులోని వర్డ్ ఫైల్ తెరిచి, రెండు గంటలు కూర్చుని వివరాలన్నీ నింపి సేవ్ కొట్టాను. మర్నాడు తెరిస్తే ఖాళీ ఫారమే ఉంది. నేను నింపింది ఏమైందండీ?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: జిప్ చూడ్డానికి ఫోల్డర్‌లాగే ఉంటుంది కానీ, అది మూట కట్టిన ఒకే ఫైల్. మూట విప్పకుండా లోపలి ఫైల్‌ మీద డబుల్ క్లిక్ చేస్తే, విండోస్ దాని నకలు ఒకటి టెంప్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీసి చూపిస్తుంది. మీరు నింపింది ఆ నకలులో. జిప్‌లోని అసలు ఫారం అలాగే ఉండిపోయింది.

ముందుగా వెతకండి. వర్డ్ తెరిచి ఫైల్, ఓపెన్, రీసెంట్‌లోకి వెళ్తే ప్రతి ఫైల్ పేరు కింద అది ఏ ఫోల్డర్‌లో ఉందో సన్నటి అక్షరాల్లో కనిపిస్తుంది. అక్కడి నుంచి తెరుచుకుంటే వెంటనే ఎఫ్12 నొక్కి డాక్యుమెంట్స్‌లో వేరే పేరుతో సేవ్ చేయండి. తెరుచుకోకపోతే విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో టెంప్ అని, దానికి ముందొకటి వెనకొకటి శాతం గుర్తు పెట్టి టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫోల్డర్ తెరుచుకున్నాక డేట్ మాడిఫైడ్ మీద క్లిక్ చేస్తే కొత్తవి పైకి వస్తాయి. ఈ ఫోల్డర్ ఎప్పుడైనా ఖాళీ అయిపోవచ్చు కాబట్టి ఆలస్యం చేయకండి. తాత్కాలిక ఫైళ్లను తుడిచేసే డిస్క్ క్లీనప్ లాంటివి ప్రస్తుతానికి ముట్టుకోకండి.

ఇకపై జిప్ వస్తే రైట్ క్లిక్ చేసి ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కండి. పక్కన మామూలు ఫోల్డర్ ఏర్పడుతుంది, అందులోని ఫైల్‌లోనే పని చేయండి. వర్డ్, ఎక్సెల్ ఫైల్ ఏదైనా సరే, టైపింగ్ మొదలుపెట్టక ముందే ఒకసారి ఎఫ్12 నొక్కి చోటు, పేరు మీరే నిర్ణయించండి. కొత్తవాళ్లు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సిన అలవాటు ఇదే. ల్యాప్‌టాప్‌లో ఎఫ్12 పని చేయకపోతే ఎఫ్‌ఎన్ కీ కూడా కలిపి నొక్కండి.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో పొరపాటున డిలీట్ చేసిన ఫొటోలు రీసైకిల్ బిన్‌లో లేవు. పైగా పెళ్లి వీడియో ఒకటి ఎక్కిస్తుంటే, 14 జీబీ ఖాళీ ఉన్నా ఫైల్ పెద్దదంటోంది. పెన్‌డ్రైవ్ పాడైందా?
– డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట

జవాబు: పాడవలేదు. రీసైకిల్ బిన్‌లోకి వెళ్లేవి మామూలుగా కంప్యూటర్‌లోని డిస్క్ నుంచి తీసేసినవి. పెన్‌డ్రైవ్‌లో డిలీట్ కొడితే నేరుగా పోతాయి. అందుకే అప్పుడు విండోస్ శాశ్వతంగా తీసేయాలా అని అడుగుతుంది. ఆ ఫొటోలు కావాలంటే ఆ పెన్‌డ్రైవ్‌లో కొత్తగా ఏమీ ఎక్కించకండి. పాత ఫొటోలున్న చోట కొత్తవి రాసుకుంటే ఇక తిరిగి రావు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో విండోస్ ఫైల్ రికవరీ ఉచితంగా దొరుకుతుంది. అయితే అది కమాండ్లు టైప్ చేసి నడపాల్సినది కాబట్టి, తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. దొరికిన ఫొటోలను వేరే డ్రైవ్‌లోకే తీసుకోవాలి.

వీడియో సంగతి వేరు. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే, ఫైళ్లను అమర్చే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఫొటోల సంగతి తేలాక, మిగతా ఫైళ్లను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్‌లో, ఈ 4 జీబీ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. నొక్కేముందు డ్రైవ్ అక్షరం సరిచూసుకోండి.

మరొక్క మాట. పెన్‌డ్రైవ్‌ నుంచి కట్ చేసి పేస్ట్ చేయకండి. మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ కదిలినా ఆ క్షణంలో ఉన్న ఫైల్ సగంలో ఆగిపోతుంది. కాపీ చేయండి, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లోవి తీసేయండి. పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి ఊడదీసే ముందు గడియారం దగ్గరున్న యూఎస్‌బీ బొమ్మ నొక్కి ఎజెక్ట్ చేయాలి.

ప్రశ్న: సీ డ్రైవ్ ఎర్రగా నిండిపోయింది. డెస్క్‌టాప్ మీద చాలా ఉన్నాయి. డీలో 300 జీబీ ఖాళీగా ఉంది. ఏం చేయాలి?
– చిన్న వ్యాపారి, ఆదోని

జవాబు: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ రెండూ సీ డ్రైవ్‌లోని ఫోల్డర్లే. విండోస్ పాడై సీ ఫార్మాట్ చేస్తే వాటిలోవన్నీ పోతాయి. ముందు సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌కు వెళ్లి టెంపరరీ ఫైల్స్ తెరవండి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, దానికి టిక్ లేదని చూసుకున్నాకే రిమూవ్ నొక్కండి.

తర్వాత డీలో డౌన్‌లోడ్స్ పేరుతో కొత్త ఫోల్డర్ చేయండి. పాత డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ నొక్కి ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించండి. ఫోల్డర్ చేయకుండా నేరుగా డీ డ్రైవ్‌నే ఎంచుకుంటే డ్రైవ్ మొత్తం డౌన్‌లోడ్స్‌గా మారి, మళ్లీ సరిచేయడం తలనొప్పి అవుతుంది. చోటు కోసం ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్ ఫోల్డర్లలో చేయి పెట్టకండి. అక్కర్లేని ప్రోగ్రాములను సెట్టింగ్స్‌లోని యాప్స్ నుంచి అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

ప్రశ్న: రోజూ షట్‌డౌన్ చేస్తున్నా సిస్టమ్ నెమ్మదిగానే ఉంటోంది. రీస్టార్ట్ చేయమంటున్నారు. రెండూ ఒకటి కాదా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: కాదండీ. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి స్థితిని డిస్క్‌లో దాచి, మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. రీస్టార్ట్‌లో మాత్రం మొదటి నుంచి కొత్తగా మొదలవుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ చూడండి. అప్ టైమ్, అంటే చివరిసారి కొత్తగా మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం, చాలా రోజులు చూపిస్తుంటే ఇదే కారణం కావచ్చు. వారానికోసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ మారకపోతే టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్‌కు వెళ్లి, కంప్యూటర్ ఆన్ కాగానే మీకు అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. యాంటీవైరస్‌ను మాత్రం అలాగే ఉంచండి.