మునిగిన ఊళ్లు, కదిలొచ్చిన గుళ్లు

బిడ్డా,

నువ్వు పంపిన జాబితా చదివాను. కుల్‌ధరా, ధనుష్కోటి, ఇంకా నా నోరు తిరగని దేశాల పాడుబడ్డ ఊళ్లు. వెళ్దువుగాని, వద్దనను. కానీ నువ్వు హైదరాబాదులో పుట్టి పెరిగావు. మన ఇంటి నుంచి ఒక పూటలో, ఒక రోజులో వెళ్లి రాగల చోట్లే మనుషులు వదిలేసిన రాజధానులున్నాయి, నీళ్ల కిందికి పోయిన ఊళ్లున్నాయి. ముందు వాటి దగ్గర చూడడం నేర్చుకో. ఎక్కడికి వెళ్లినా రెండు సంగతులు తెలుసుకోకుండా వెనక్కి రాకు: ఇది ఎందుకు పాడుబడింది, మళ్లీ ఎవరు నిలబెట్టారు. ఫొటోలు ఎవరైనా తీస్తారు.

మొదటి ఆదివారం బన్సీలాల్‌పేటకు వెళ్లు. సికింద్రాబాదు ఇళ్ల మధ్యలో మెట్లబావి. నాగన్నకుంట బావి అని పాత పేరు. ఏళ్ల తరబడి చెత్తతో పూడిపోయి, అక్కడొక బావి ఉందన్న సంగతే జనం మరిచిపోయారు. పూడిక తీసి, మెట్లు, కమానులు బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. పూడిక తీయకముందు ఫొటోలు ఫోన్లో చూసుకుని మరీ దిగు. లేకపోతే అందమైన బావి అనుకుని వచ్చేస్తావు, అంతే.

తర్వాత కుతుబ్‌షాహీ సమాధులు. చిన్నప్పుడు నిన్ను ఎన్నిసార్లు తీసుకెళ్లానో, అయినా ఇప్పుడు మళ్లీ వెళ్లు. ఆగాఖాన్ ట్రస్టువాళ్లు 2013లో మొదలుపెట్టి పదేళ్లకు పైగా పనిచేశారు. ఒకప్పుడు మరమ్మతు పేరుతో పూసిన సిమెంటును చెక్కి తీసేసి, డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, గోడలకు గచ్చు పూత వేశారు. సిమెంటు తేమను లోపలే పట్టి ఉంచుతుంది, రాయి పాడవుతుంది. సున్నం తేమను బయటికి వదులుతుంది. గోడ మీద అరచెయ్యి పెట్టి కాదు (చెయ్యి పెట్టకు, జిడ్డు అంటుకుంటుంది), పక్క నుంచి వెలుగు పడే వేళ చూస్తే ఏది పాత పని, ఏది కొత్త పని అన్నది తెలిసిపోతుంది. కొందరికి ఈ కొత్త తెలుపు నచ్చదు, శిథిలమే బాగుండేదంటారు. నేను ఒప్పుకోను. అక్కడి పెద్ద బావి గోడ 2013 వానలకు కూలింది. అలాగే వదిలేస్తే ఈపాటికి ఒక గుంట మిగిలేది. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో అవార్డు కూడా వచ్చింది.

ఊళ్లోనే ఇంకొకటి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా దాని మీదికెక్కి బతికారని చెప్పుకుంటారు. ఆ వరద తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. టికెట్టు లేదు, అయిదు నిమిషాల పని. రోగుల వాళ్లుంటారు, నెమ్మదిగా మసులుకో.

ఇక ఊరు దాటితే రాచకొండ. సంస్థాన్ నారాయణపురం వైపు. 14వ శతాబ్దంలో రేచర్ల వెలమ ప్రభువుల రాజధాని. బహమనీల చేతికి పోయాక క్రమంగా ఖాళీ అయింది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, కొండల నిండా తుప్పలు. బోర్డులు లేవు, హోటలు లేదు. నీళ్లు, అన్నం నువ్వే కట్టుకోవాలి. నవంబరు నుంచి జనవరి మధ్యలో వెళ్లు, నలుగురు కలిసి వెళ్లు, చీకటి పడకముందే దిగిపో. అన్నిటికంటే ముఖ్యం, ఊళ్లో ఆగి నలుగురితో మాట్లాడి పైకెక్కు. మన దగ్గర పాత కోట కనబడితే గుప్తనిధులని తవ్వేవాళ్లు తక్కువేం కాదు, అందుకే కొత్త ముఖాలంటే ఊరివాళ్లకు అనుమానం. మేకలు కాసేవాళ్లను దారి అడిగితే ఏ గుండు పక్కన ఏ గుడి ఉందో వాళ్లే చెబుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ముంపు చోట్లు. శ్రీశైలం ప్రాజెక్టులో మునగబోయే గుళ్లను రాయి రాయి విప్పి, అంకెలు వేసి, గట్టు మీద అదే వరసలో మళ్లీ కట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలాగే అలంపురం చేరింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి, సోమశిల గుళ్లు కూడా అంతే. పాలమూరులో పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు దగ్గరున్న రాజరాజేశ్వర గుడి కూడా ముంపు నుంచి వచ్చిందే. ఆ మర్రిచెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలతో మందెక్కించి బతికించారు, అదీ చూసిరా. కూడవెల్లిదీ నంద్యాల వైపు సంగమేశ్వరందీ ఒకటే అనుకోకు, కలిపేసి రాసేవాళ్లున్నారు. నంద్యాల వైపుది అక్కడే ఉండిపోయింది, ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటపడుతుంది.

గుళ్లు సరే, మరి మనుషులు? కొల్లాపురం వైపు వెళ్లినప్పుడు ముంపు ఊళ్ల పెద్దవాళ్లెవరైనా దొరికితే పక్కన కూర్చో. జీవో 98 ఏమైందని అడుగు. ఇల్లూ పొలమూ పోయినవాళ్ల ఇళ్లలో ఒకరికి ఉద్యోగమని 1986లో ఇచ్చిన ఉత్తర్వు అది. ఏ బోర్డు మీదా రాయని చరిత్ర వాళ్ల దగ్గరుంటుంది. ఫోన్ బయటికి తీయకు, అడిగి తీయి.

చివరికి నాగార్జునకొండ. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది, కొండ మాత్రం దీవిలా మిగిలింది. డ్యాం నిండకముందే 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, జలాశయం ఒడ్డునున్న అనుపు అనే చోటికీ తరలించారు. కొన్నిటికి నమూనాలు కట్టారు. ఏది అసలు, ఏది నమూనా అన్నది బోర్డు చదివి తేల్చుకో. జనం కొండ చూసి తిరిగొచ్చేస్తారు, నువ్వు అనుపు కూడా పెట్టుకో. అక్కడి రంగశాల మధ్యలో ఒకరిని నిలబెట్టి మాట్లాడించు, నువ్వు పైమెట్టు మీద కూర్చుని విను. కొండకు లాంచీలో వెళ్లాలి, గాలి ఎక్కువున్నా, మనుషులు తక్కువున్నా దాన్ని ఆపేస్తారు, ముందు రోజు కనుక్కుని బయల్దేరు. శుక్రవారం మాత్రం పెట్టుకోకు, మ్యూజియం మూసి ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న