పొక్కు మీద రంగు కొడితే ఎన్నాళ్లుంటుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, సముద్రానికి దగ్గరలోనే ఇల్లు. నాన్నగారు 1985లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా నడుస్తోంది. మూడేళ్ల క్రితం రంగు వేయించాం, ఒక వర్షాకాలం దాటేసరికి తలుపుల కింద అంచున, వెనక చక్రాల పైన పొక్కులొచ్చాయి. ఇప్పుడు ఒక షెడ్డులో అడిగితే గీకేసి, తుప్పు మందు పూసి, పుట్టీ పెట్టి నాలుగు రోజుల్లో ఇస్తామంటున్నారు. ఇంకో ఆయన పాత రంగు ఊడదీసి రేకు చూడందే ఏమీ చెప్పలేనంటున్నాడు, నెలన్నర పైనే అట. ఎవరి మాట వినమంటారు?

జవాబు: రెండో ఆయన మాటే. చూడందే చెప్పలేననేవాడు దొరకడమే కష్టం, వదులుకోకండి. అయితే బండి మొత్తం ఊడదీయాలా, కొన్ని చోట్ల సరిపోతుందా అన్నది మీరే కొంత తేల్చుకోవచ్చు. ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బండి చుట్టూ ఓ అరగంట తిరగండి. బానెట్ మీద టక్కున అతుక్కున్నది తలుపు కింద అంచుకొచ్చేసరికి జారిపోతోందంటే అక్కడ మందంగా పుట్టీ ఉన్నట్టు, లేదా అసలు రేకే లేనట్టు. తర్వాత లోపలి మ్యాట్లన్నీ తీసేసి ఫ్లోరునీ, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి అంచునీ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే కంగారు పడొద్దు, ఆ కన్నం మీరు చేసింది కాదు, రంగు మాటున ఎప్పట్నుంచో ఉన్నదే.

పొక్కు ఎందుకొస్తుందంటే, తుప్పుగా మారిన ఇనుము ముందుకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రంగుని కింద నుంచి ఎత్తేస్తుంది. మీ తలుపుల విషయంలో అది లోపలి నుంచి తిని బయటికి వచ్చి ఉంటుంది. అద్దం పక్క నుంచి దిగిన వాన నీళ్లు పోవడానికి తలుపు అడుగున చిన్న కన్నాలుంటాయి, అవి మట్టితోనో పాత రంగుతోనో పూడుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి, దానికి మీ ఊరి ఉప్పు గాలి తోడు. పుట్టీ గట్టిపడ్డాక కూడా తేమ పీలుస్తుంది. తుప్పు మీద పుట్టీ పెట్టడమంటే పుండు మీద తడిగుడ్డ కట్టడమే.

ఇక పని. పైపై తుప్పయితే 80 నంబరు ఎమరీ పేపర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దితే చాలు. చిన్న చిన్న గుంటలు పడితేనే చిక్కు. గ్రైండర్‌కి వైర్ బ్రష్ పెట్టి తిప్పితే పైన తళతళలాడుతుంది కానీ గుంటల్లో నల్ల చుక్కలు అలాగే ఉంటాయి, ఆ మెరుపు చూసి మోసపోయినవాళ్లలో నేనొకణ్ణి. అక్కడ ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న మందు పని చేస్తుంది. కొన్నింటిని తర్వాత కడగాలి, కొన్నింటిని కడగకూడదు, డబ్బా మీద ఏముందో చదివించండి, ఎందుకంటే యాసిడ్ మిగిలిపోయిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్, అంటే రంగుకి ముందు కొట్టే తొలి పూత, సరిగా పట్టదు. కన్నం పడిందా, ఇంక మందులు లేవు. బాగున్న రేకు వచ్చేదాకా కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. ఫైబర్ ముక్క అతికిస్తామంటే ఒప్పుకోకండి. పద్మినికి విడిగా ఛాసిస్, అంటే అడుగున ఇనుప చట్రం, ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తలుపుల కింద ఉండే ఆ పెట్టె లాంటి అంచులు కోసేముందు లోపల అడ్డంగా పైపులు వెల్డ్ చేసి బిగించాలి, లేదంటే బాడీ కుంగి ఆ తర్వాత తలుపులు పడవు.

రేకు తేలిన రోజే ప్రైమర్ పడాలి, ఇది మాత్రం గట్టిగా చెప్పండి. మా పాత అంబాసిడర్‌కి ఒకసారి బానెట్ ఊడదీసి, చీకటి పడిందని అలాగే వదిలేశారు. పొద్దున్నే వెళ్తే గోరింటాకు చెయ్యి అద్దినట్టు అయిదు వేళ్ల గుర్తులు, ఎర్రగా! ఎవరిదో చెమట చెయ్యి, బహుశా నాదే. అందుకే గ్లవ్స్ వేసుకుని ముట్టుకోవాలి, ఒట్టి రేకు మీద నీళ్లతో తడిపి రుద్దే వాటర్ పేపర్ వాడకూడదు. ప్రైమర్ కూడా మామూలు రెడ్ ఆక్సైడ్ కాదు, రెండు డబ్బాలు కలిపి కొట్టే ఎపాక్సీ. పుట్టీ దాని మీద పల్చగా పెట్టాలి, దాని కింద కాదు. పాత రంగులో సీసం ఉండొచ్చు, రెండు డబ్బాల రంగుల పొగ ఊపిరితిత్తులకి ఇంకా చేటు, కుర్రాళ్లు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొడుతుంటే సరైన మాస్క్ మీరే కొనివ్వండి.

రంగు ఆరాక తలుపుల లోపలా, వెల్డింగ్ చేసినచోట వెనక వైపూ మైనం లాంటి క్యావిటీ వ్యాక్స్ కొట్టించండి. వెల్డింగ్ వేడికి అవతలి పక్క పాత పూత కాలిపోయి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు, మళ్లీ మొదలయ్యేది అక్కడే. తలుపుల కన్నాలు తెరిచే ఉన్నాయో లేదో చీపురుపుల్ల పెట్టి చూసుకోండి. బండిని వర్షాల్లో మాత్రం ఇవ్వకండి, డిసెంబరు, జనవరి మంచిది.

ప్రశ్న: బండి అడుగున నల్ల తారు కోటింగ్ ఇప్పిస్తే ఇంక తుప్పు రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: శుభ్రమైన రేకు మీద వేస్తే మేలే. ఉన్న తుప్పు మీద వేస్తే, పూత పగిలినచోట నీళ్లు దూరి బయటికి రాలేక లోపల్లోపలే తినేస్తాయి, పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతుంది. సెకండ్ హ్యాండ్ పాత బండి అడుగున కొత్త తారు కనిపిస్తే నేనైతే స్క్రూడ్రైవర్ తీస్తాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా తాతగారి 1968 అంబాసిడర్ ఉంది. వింటేజ్ నంబరు తీసుకోవాలనుకుంటున్నాం. తుప్పు కోసం రేకులు మారిస్తే ఇబ్బందా?

జవాబు: 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకే వీఏ సిరీస్ నంబరు, అంటే మీరన్న వింటేజ్ నంబరు, ఫీజు 20,000 రూపాయలు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసి ఉండకూడదు. కాబట్టి పాత రేకు కొలతకే కొత్తది కొట్టించండి, ఆకారం మార్చొద్దు, కోసేముందూ అతికాకా ఫొటోలు తీసి దాచుకోండి. ఇంకోటి, ఆ నంబరు తీసుకున్నాక ఆ బండిని రోజూ ఆఫీసుకి వేసుకెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేర్ల లాంటి వాటికే రోడ్డెక్కాలి. ఆదివారం మనవలతో ట్యాంక్‌బండ్ తిరగాలనుకుంటే మామూలు నంబరే ఉంచుకోండి.